చిన్న కంపెనీల ఏడాది ఆలస్యం

ఆవిడ కన్నా నాలుగేళ్ళు పెద్దవాడైన ప్రొఫెసరు గారు కూడా ఆవిణ్ణి "పిన్నిగారూ" అనే పిలుస్తారు. ఎప్పుడో మొదట్లో ఒక పరిశోధక విద్యార్థి రోజూ ఆవిడ అన్నం డబ్బాలో సగం ఖాళీ చేసి, ఊరికే తిన్నట్టు ఉండకూడదని "పిన్నీ" అని వరస కలిపాడట. అతను పట్టా పుచ్చుకుని వెళ్ళిపోయాడు, వరస మిగిలిపోయింది. ఈ ఇరవై రెండేళ్ళలో కామర్స్ విభాగంలో ఆవిడ అసలు పేరుతో జీతాల గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ పని పడలేదు.

పిన్నిగారి ఉద్యోగం చదవడం. కంపెనీలు ఏటా అచ్చువేసే వార్షిక నివేదికల్ని ఆ విభాగం కింది నేలమాళిగలో ఏడాదికొక బీరువా చొప్పున పేర్చి పెట్టారు. లిఫ్టు అక్కడిదాకా దిగదు. ఇరవై మూడు మెట్లు. ఆవిడ కిందికి దిగేటప్పుడు మోకాళ్ళని తిడతారు, ఎక్కేటప్పుడు కట్టినవాణ్ణి తిడతారు.

పూర్వం అకౌంటింగ్ మీద పరిశోధన అంటే అంకెల మీదే. తర్వాత తర్వాత పండితులకి ఒక అనుమానం వచ్చింది. అంకెల పక్కన ఇన్ని మాటలు ఎందుకు రాస్తున్నారు? లాభం వచ్చిన ఏడాది పొట్టి వాక్యాలు రాసిన కంపెనీ, నష్టం వచ్చిన ఏడాది చాంతాడంత వాక్యాలు ఎందుకు రాస్తోంది? అప్పట్నుంచి మాటల్ని చదివి లెక్కతేల్చే మనిషి కావలసి వచ్చింది. ఆ మనిషి పిన్నిగారు.

పరిశోధనకీ ఋతువులుంటాయంటారావిడ. ఒక ఋతువులో అందరూ ఛైర్మన్ ఉత్తరంలో "మేము" ఎన్నిసార్లు వచ్చింది, "నేను" ఎన్నిసార్లు వచ్చింది అని అడిగారు. తర్వాత బోర్డులో ఆడవాళ్ళెంతమంది అన్నారు. ఆ తర్వాత పొగ గొట్టాలూ, చెట్లూ, వాతావరణం. చెట్ల బొమ్మ ఎంత పెద్దగా వేస్తే లోపల పొగ గురించి అంత తక్కువ రాస్తారని పిన్నిగారికి ఏ పట్టికా లేకుండానే తెలుసు. మధ్యలో ఆడిటర్ల వంతు వచ్చింది. ఆడిటరు తన రిపోర్టులో "ఈ విషయం దగ్గర మాకు నిద్ర పట్టలేదు" అన్నట్టుగా ఒక పేరా రాయాలన్నారు. రెండేళ్ళు నిజంగానే రాశారు. మూడో ఏడు నుంచి నిద్ర పట్టనివాళ్ళందరూ ఒకే వాక్యంలో నిద్రపోవడం మొదలుపెట్టారు.

ఎన్ని ఋతువులు మారినా ఆవిడ షీటు మాత్రం మారలేదు. నూట ఎనభై కంపెనీలు, పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా. ఒక్కో కంపెనీకి పన్నెండు ప్రశ్నలు. అడిగింది రిపోర్టులో ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. అంతే పని. అంతే అని విన్నవాళ్ళు నవ్వుతారు.

"ఒకటి వెయ్యాలంటే కనబడేదాకా చదివితే చాలు" అంటారు పిన్నిగారు. "సున్నా వెయ్యాలంటే చివరి పేజీ దాకా చదవాలి. లేదని చెప్పడమే కష్టం నాయనా."

ఆ షీట్ల మీద ఎన్ని పట్టాలు వచ్చాయో, ఎన్ని వ్యాసాలు అచ్చయ్యాయో ఆవిడ ఎప్పుడూ చూడలేదు. కంపెనీలు రాసింది చదివి చదివి, కంపెనీల గురించి పండితులు రాసింది కూడా చదివే ఓపిక ఉండేది కాదు. అసలు సంగతి తెలియడానికి పదకొండేళ్ళు పట్టడం అందువల్లే.

*

నాలుగో ఏడు చదువుతున్న పరిశోధక అమ్మాయి ఒకతె ఉంది. సన్నగా, ఎప్పుడూ ఏదో మరిచిపోయిన దానిలా ఉంటుంది. పిన్నిగారు చదివినట్టే రిపోర్టులు చదివి, ఒకట్లూ సున్నాలూ వేసే ప్రోగ్రాం తయారుచేయడం ఆ పిల్ల పని. ఇప్పటి ఋతువు అదే. ఇరవై రెండేళ్ళ చదువుని యంత్రం ఒక్క పూటలో చదివేస్తుంది. కానీ సరిగ్గా చదివిందో లేదో తెలియాలంటే దేనితోనో పోల్చాలి కదా. పోల్చడానికి ఉన్నది పిన్నిగారి షీట్లే. "పిన్నిగారి చదువే ప్రమాణం. మీ ప్రోగ్రాం దానికి కలవాలి" అన్నారు ప్రొఫెసరు గారు.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని నేలమాళిగలోకి దిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమ్మాయ్, తిన్నావా?"

"తిన్నాననుకుంటానండీ."

"అనుకోవడమేమిటే, అన్నమా అది, సిద్ధాంతమా?"

ఆ పిల్ల నవ్వలేదు. తెర మీద రెండు గీతలు చూపించింది. ఒకటి పిన్నిగారిది, ఒకటి ప్రోగ్రాంది. "మిగతా ఏళ్ళన్నీ మీతో నూటికి తొంభై ఆరు కలుస్తోంది పిన్నిగారూ. ఈ ఒక్క ఏడాది దగ్గర కుంటుతోంది. ఏడు నెలలుగా దీనితోనే కుస్తీ. చిన్న కంపెనీల ప్రింటు మసగ్గా ఉంటుంది కాబట్టి యంత్రం తప్పు చదువుతోందని సార్ అన్నారు. మసక పేజీలన్నీ చేత్తో మళ్ళీ టైపు చేశాను. అయినా కలవట్లేదు. ఐదు నెలల్లో నా గడువైపోతుంది."

"ఏ ప్రశ్న దగ్గర?"

"తొమ్మిదో ప్రశ్న."

తొమ్మిదోది ప్రమాదాల ప్రశ్న. పదకొండేళ్ళ కిందట కొత్త రూలు వచ్చింది. ప్రతి కంపెనీ తన వ్యాపారానికి సొంతంగా ఉన్న ప్రమాదం ఏమిటో పేరుపెట్టి రాయాలి, అందరూ రాసే గాలిమాటలు పనికిరావు అని. సొంత ప్రమాదం రాస్తే ఒకటి, గాలిమాటలైతే సున్నా.

"ఎన్నో కంపెనీ నుంచి తేడా?" అన్నారు పిన్నిగారు. అడిగాక అడక్కుండా ఉండాల్సింది అనిపించింది.

"అరవై ఆరు దాకా రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయండీ. అరవై ఏడు నుంచి విడిపోయాయి. మీ లెక్క ప్రకారం చిన్న కంపెనీలు మరుసటి ఏడుగానీ మారలేదు. ప్రోగ్రాం ఏమో అవి కూడా రూలు వచ్చిన ఏడే మారాయంటోంది. అలా ఎలా కుదురుతుంది? సార్ వ్యాసమంతా దాని మీదే కదా."

"ఏ వ్యాసం?"

ఆ పిల్ల తెల్లబోయి చూసింది. "చిన్న కంపెనీల ఏడాది ఆలస్యం అండీ! మీరు చదవలేదా? రూలు రాగానే పెద్దవి మారాయి, చిన్నవాటికి ఏడాది పట్టింది. దానికి సార్ మూడు కారణాలు చెప్పారు. రాసే మనుషులు లేకపోవడం, సలహా చెప్పే లాయర్లు దొరకకపోవడం, పొరుగు కంపెనీ ఏం రాస్తుందో చూసి రాద్దామని ఆగడం. ఆయనకి బహుమతి వచ్చింది దానికే. మా క్లాసులో అందరం బట్టీ పట్టాం."

పిన్నిగారు మంచినీళ్ళ కోసం లేచారు. పక్కనే సీసా ఉంది. అయినా పైకి ఎక్కి, కారిడార్లో కుళాయి దగ్గర నిలబడి తాగి, మళ్ళీ ఇరవై మూడు మెట్లు దిగారు.

*

ఇంట్లో ఇద్దరే ఆడవాళ్ళు. పిన్నిగారూ, ఆవిడ అక్కా. అక్క ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి, వార్డు పెద్దగా రిటైరైంది. చేతికర్ర లేకుండా నడవలేదు. నోటికి మాత్రం ఏ కర్రా అక్కర్లేదు.

"ఏమే, మొహం అలా వేలాడేశావ్? కంపెనీలన్నీ ఒకేసారి మూతబడ్డాయా?"

పిన్నిగారు చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డారు. "అక్కా, నీ తుంటి విరిగిన ఏడు గుర్తుందా?"

"బాగుంది. విరిగింది నాది. గుర్తుండక ఏం చేస్తుంది?"

పదకొండేళ్ళ కిందట, వాన కురిసిన సాయంత్రం, అక్క మెట్ల మీద జారిపడింది. ముప్పై నాలుగు రోజులు ఆసుపత్రి. అందరికీ సేవచేసిన మనిషికి పక్కన ఉండడానికి చెల్లెలు తప్ప ఎవరూ లేకపోయారు. అప్పటికి పిన్నిగారు ఆ ఏటి రిపోర్టుల్లో అరవై ఆరు చదివారు. ఇంకా నూట పద్నాలుగు ఉన్నాయి. ప్రొఫెసరు గారు ఏదో సదస్సుకి షీట్లు త్వరగా కావాలన్నారు. రిపోర్టుల్ని నేలమాళిగ దాటించకూడదు. షీట్లు మాత్రం తెచ్చుకోవచ్చు. అంతకు ముందేటి షీట్లు కూడా సంచీలో ఉన్నాయి.

పదకొండేళ్ళు చదివిన అనుభవం ఆవిడ చెవిలో ఒక మాట చెప్పింది. చిన్న కంపెనీలు ఏటా అదే రాస్తాయి. తేదీ మార్చి అచ్చువేస్తాయి. నువ్వు చదివినా సున్నాయే, చదవకపోయినా సున్నాయే. అక్క నిద్రపోతుంటే, సెలైన్ సీసా పక్కన, పాత షీటు చూస్తూ కొత్త షీటు నింపేశారు. నూట పద్నాలుగూ. తర్వాత వెళ్ళి ఒకసారి సరిచూద్దామనుకున్నారు. పదింటికి ఒకటి చొప్పున రెండో మనిషి చదివి సరిచూడాలని నియమం ఉండేది. ఆ ఏడాది రెండో మనిషి ఉద్యోగం ఖాళీగా ఉంది. అక్క ఇంటికొచ్చాక మందులూ, కర్ర పట్టుకుని నడిపించడాలూ. మరుసటి ఏటి రిపోర్టులు వచ్చిపడ్డాయి. వాటిని మాత్రం చివరి పేజీ దాకా చదివారు. చిన్న కంపెనీలన్నీ మారి కనిపించాయి. ఓహో ఇప్పుడు మారాయన్నమాట అనుకుని ఒకట్లు వేశారు.

అక్క అంతా విని, కాసేపు కర్ర చివరతో నేల మీద గీసింది.

"అంటే నా తుంటి విరిగిందని నూట పద్నాలుగు కంపెనీలు ఏడాది ఆలస్యంగా మారాయా?"

"మారాయి, సమయానికే. నేను చూళ్ళేదు."

"దానికి మీ ప్రొఫెసరు మూడు కారణాలు చెప్పాడా?"

"మూడు."

"అందులో నా ఎముక లేదా?"

పిన్నిగారికి నవ్వొచ్చింది, నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది. అక్క కూడా నవ్వింది గానీ ఎక్కువసేపు నవ్వలేదు. "జ్వరం చూడకుండా చార్టు నింపిన పిల్లని నేను వార్డులోంచి పంపించేశాను, తెలుసా నీకు? నా మంచం పక్కనే కూర్చుని నింపావుటే?"

"నీ మంచం పక్కనే."

"నాకు తెలిస్తే ఆ రోజే లేచి నడిచేదాన్ని." అక్క లేచి వంటగదిలోకి వెళ్ళి, గిన్నెలు చప్పుడు చేసి, ఏమీ తేకుండా తిరిగొచ్చింది. గొంతు మెత్తబడింది. "చెప్పకే. ఇంకో రెండేళ్ళు ఉద్యోగం. పదకొండేళ్ళ నాటి సున్నాలు ఎవడడుగుతాడు? ఇరవై రెండేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని చదివినదంతా ఈ ఒక్క ముక్కతో గంగలో కలుస్తుంది. రేపట్నుంచి నిన్ను ఎవరు నమ్ముతారు?"

"నమ్మరు. అది నాకూ తెలుసు."

"మరి?"

"ఆ పిల్ల ప్రోగ్రాం సరిగ్గానే చదువుతోంది అక్కా. తప్పుగా చెబుతున్నది నా షీటే. ఆ పిల్ల ఇంకో నెల చూస్తుంది. కలవకపోతే, నా షీటుకి కలిసేదాకా దాన్ని దిద్దుతుంది. ఉన్నదాన్ని లేదని చదవమని దానికి నేర్పుతుంది. అలా నేర్చుకున్నది రేపు ఎక్కడెక్కడ చదువుతుందో."

అక్క కర్రని గోడకి ఆనించింది. అది జారి పడింది. ఇద్దరూ తీయలేదు.

"అయితే రేపే చెప్పు" అంది చివరికి. "ఎల్లుండి అన్నావంటే నోరు పెగలదు."

*

ప్రొఫెసరు గారు విన్నారు. ఆవిడ చెప్పడం అయిపోయాక కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు.

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"మా అక్కకి సార్."

"ఆవిడ ఏం చేస్తుంటారు?"

"నర్సుగా రిటైరైంది. తుంటి విరిగింది ఆవిడదే."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "మూడు కారణాలు చెప్పాను పిన్నిగారూ. వాటికోసం నలభై చిన్న కంపెనీలకి వెళ్ళి మేనేజర్లతో మాట్లాడాను. మీకు ఈ కారణాల వల్లే ఆలస్యమైందా అంటే అందరూ అవునన్నారు."

"అడిగితే అవునంటారు సార్. కంపెనీలు కదా."

గోడ గడియారం కిందే ఆయన బహుమతి పలక ఉంది. దాని వైపు ఆయనా చూడలేదు, ఆవిడా చూడలేదు. చివరికి ఆయన అలిసిపోయిన గొంతుతో, "ఆ ఒక్క ఏడాదీ లెక్కలోంచి తీసేస్తే?" అన్నారు.

"తీసేస్తే ఆలస్యం ఎక్కడుంటుంది సార్?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితాల వైపు తిరిగారు. "ముందు ఆ నూట పద్నాలుగూ చదవండి. తర్వాత మాట్లాడదాం." ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, ఆయన పని చెప్పిన మాట చివర పిన్నిగారూ అన్న పిలుపు లేదు.

అమ్మాయికి చెప్పడం అంతకన్నా కష్టమైంది. ఆ పిల్ల అరవలేదు. "ఏడు నెలలు పిన్నిగారూ" అంది. మసక పేజీలు టైపు చేసి చేసి వేళ్ళకి వేసుకున్న ప్లాస్టర్లని ఒకసారి చూసుకుంది. ల్యాప్‌టాప్ మూసి వెళ్ళిపోయింది. రెండు రోజులు దిగిరాలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పైన ఎవరు గట్టిగా నవ్వినా తన గురించే అనిపించేది పిన్నిగారికి.

మూడో రోజు ఆ అమ్మాయి వచ్చి, బల్లకి అవతలి వైపు కూర్చుని, ఆ ఏటి రిపోర్టుల అట్టపెట్టెలోంచి ఒకటి లాగింది.

"సార్ చెప్పారా?"

"లేదండీ. ఇద్దరు విడివిడిగా చదవాలి కదా. నియమం."

ఒకరు వేసిన గుర్తు ఒకరికి చూపించుకోకుండా పంతొమ్మిది రోజులు చదివారు. మాటలు తక్కువ. ఒకరోజు ఆ పిల్ల డబ్బా తెచ్చుకోలేదు. పిన్నిగారు తన డబ్బాలో సగం మూతలో పెట్టి బల్ల మీద ముందుకి జరిపారు. ఆ పిల్ల అది తిని, మూత కడిగి తెచ్చి, అలాగే ముందుకి జరిపింది.

పిన్నిగారిని కుంగదీసింది ఆ పిల్ల కోపం కాదు, ఆ రిపోర్టులే. గుండీలు చేసే కంపెనీ ఒకటి రాసింది, మా ఫ్యాక్టరీకి ఉన్నది ఒకే వంతెన, అది పాతది, కూలితే సరుకు కదలదు అని. గొడుగుల కంపెనీ రాసింది, రెండేళ్ళు వరసగా వానలు లేకపోతే మేము ఉండం అని. ఐసు తయారుచేసే ఇంకొకటి, మా యంత్రం సంగతి తెలిసిన మెకానిక్కు ఒక్కడే, ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు అని రాసింది. పెద్ద కంపెనీల రిపోర్టుల్లో ఇంత సూటి వాక్యం ఇరవై రెండేళ్ళలో ఒక్కటి దొరకలేదు. ఎక్కడో ఒక చిన్న ఆఫీసులో ఎవరో గుమాస్తా కూర్చుని, రూలు వచ్చిందట, ఉన్నమాట రాయాలట అనుకుని, తమ భయాన్ని తమ మాటల్లో రాసి పంపాడు. చదవాల్సిన మనిషి చదవకుండా లేదని వేసింది.

"కంచే చేను మేసిందమ్మాయ్" అన్నారు, ఎవరితోనో అన్నట్టు.

నూట పద్నాలుగింటిలో తొంభై ఒకటి ఆ ఏడాదే మారాయి. ఇద్దరి గుర్తులూ కలిశాయి. ప్రోగ్రాం చెప్పింది తొంభై మూడు. ఆలస్యం లేదు. ఎప్పుడూ లేదు.

*

నాలుగు రోజుల తర్వాత ప్రొఫెసరు గారు తనే నేలమాళిగలోకి దిగారు. ఆయన ఆ మెట్లు దిగి ఎన్నేళ్ళైందో, మెట్ల బల్బు స్విచ్చి కోసం వేరే గోడ తడిమారు. చేతిలో ఒక కాగితం. వ్యాసం అచ్చువేసిన పత్రికకి పంపే దిద్దుబాటు.

"పంపే ముందు మీరు ఒకసారి చూడండి."

పిన్నిగారు చదివారు. "సమాచార సేకరణ దశలో కొన్ని గమనికలకు సంబంధించి తలెత్తిన వ్యత్యాసాల దృష్ట్యా, ఒక నిర్దిష్ట సంవత్సరపు ఫలితాలను పునఃపరిశీలించడమైనది." ఇంకా రెండు వాక్యాలున్నాయి, అవీ అలాంటివే. ఆవిడ కాగితం బల్ల మీద పెట్టి, చేత్తో సాపు చేశారు.

"నాకు సాయం చేద్దామని రాశారు. తెలుసు సార్. కానీ ఇందులో ఏం జరిగిందో లేదు. ఎవరు చేశారో లేదు. ఎన్ని రిపోర్టులో లేదు. ఇది ఏ కంపెనీ అయినా రాస్తుంది."

"పత్రికల్లో ఇలాగే రాస్తారు పిన్నిగారూ."

"ఇలా రాసినవాటికి నేను ఇరవై రెండేళ్ళుగా సున్నా వేస్తున్నాను."

ఆయన మెట్ల వైపు చూశారు, ఎక్కే ఓపిక లేనట్టు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. "అయితే మీరు చెప్పండి, నేను రాస్తాను."

ఆవిడ నెమ్మదిగా చెప్పారు. నూట ఎనభై రిపోర్టుల్లో నూట పద్నాలుగు చదవలేదు. చదవాల్సిన మనిషి, ఇంట్లోవాళ్ళు ఆసుపత్రిలో ఉన్న కారణంగా, అంతకు ముందేటి గుర్తులే వేసింది. ఆ ఏడాది రెండో మనిషి సరిచూడలేదు. ఇప్పుడు ఇద్దరు చదివితే తొంభై ఒకటి ఆ ఏడాదే మారినట్టు తేలింది. అందువల్ల ఏడాది ఆలస్యం అన్నది నిజం కాదు.

"రెండో మనిషి సరిచూడలేదన్నది నా తప్పు కదా" అన్నారాయన, రాస్తూ రాస్తూ.

"నేను మీదని అనలేదు సార్."

"అనరు. నేనే రాస్తాను." ఆ వాక్యంలో తన వంతు కలిపి, కలం మూశారు. వచ్చే ఏడు నుంచి చదివే పని ప్రోగ్రాందేనని, విభాగం నిర్ణయించిందని చెప్పారు. అది శిక్షా, కాలం తెచ్చిన మార్పా అని పిన్నిగారు అడగలేదు. ఆయనకీ తెలిసినట్టు లేదు.

లేచి, వెళ్ళబోతూ, ఆయన అడగాల్సింది అడిగారు. ఆవిడ వైపు చూడకుండా అడిగారు. "మిగతా ఏళ్ళు అన్నీ... చదివారు కదా?"

ఆ ప్రశ్న వస్తుందని ఆవిడకి అక్కతో మాట్లాడిన సాయంత్రమే తెలుసు. వచ్చాక మాత్రం ఎక్కడో సన్నగా తెగింది.

"చదివాను సార్. కానీ నా మాట మీద వదిలెయ్యకండి. ఆ అమ్మాయి చేత చూపించండి. చీట్లు వేసి తీయమనండి, వరసగా వద్దు. నేను ఆ గదిలో ఉండను." నడుముకి దోపుకున్న నేలమాళిగ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు.

ఇరవై ఒక్క ఏళ్ళ షీట్లలోంచి అరవై రిపోర్టులు చీట్లలో వచ్చాయి. ఒక్కోదానికి పన్నెండు చొప్పున ఏడు వందల ఇరవై గుర్తులు. ఆ అమ్మాయి ఒక్కతే కింద కూర్చుని చదివింది. పిన్నిగారికి సెలవులు మిగల్లేదు. మెట్ల పైన కారిడార్లో బెంచీ మీద కూర్చున్నారు. పది రోజులు. దారినపోయే పిల్లలు, "పిన్నిగారూ, బయట కూర్చోబెట్టారా?" అని వేళాకోళమాడారు. "పాఠం అప్పజెప్పలేదురా" అన్నారావిడ. చేతిలో చదవడానికి ఏమీ లేకుండా అంతసేపు కూర్చోవడం ఆవిడకి కొత్త. ఎదురుగోడ మీద నోటీసుల్ని చివరి అక్షరం దాకా చదివారు. ఇంటి దగ్గర అక్క రోజూ తలుపు తీస్తూనే, "తేలిందా?" అనేది. లేదంటే, "ఎక్స్‌రేకి కూడా ఇంతసేపు పట్టదు" అని సణిగేది.

పదో రోజు సాయంత్రం ఆ అమ్మాయి మెట్లెక్కి వచ్చి, బెంచీ మీద పక్కనే కూలబడింది. మోకాళ్ళు నొక్కుకుంది.

"పదిహేను తేడా వచ్చాయండీ."

పిన్నిగారు అటు తిరిగారు. "చదవనివి?"

"ఒక్కటీ లేదు. చదవకుండా వేస్తే తేడాలు ఒకే చోట కుప్పగా ఉంటాయి కదా, ఆ ఏడాది ఉన్నట్టు. ఇవి ఎక్కడెక్కడో చెదిరి ఉన్నాయి. ఒక్కో ఏడాదిలో ఒకటో, రెండో. చదివేవాళ్ళు చేసే తప్పులే. సార్‌కి అలాగే రాసి ఇస్తాను."

పిన్నిగారు నేలమాళిగ తలుపు వైపు చూశారు. తర్వాత పమిట సర్దుకున్నారు.

"పదిహేనూ నాకు చూపించు."

"ఇప్పుడా? నా కళ్ళు మండిపోతున్నాయి పిన్నిగారూ."

"నావి మండి మండి ఆరిపోయాయి. పద."

ఇద్దరూ గోడ పట్టుకుని దిగారు. పదిహేనింటిలో తొమ్మిది తనవే తప్పులని పిన్నిగారు ఒప్పుకున్నారు. నాలుగు ఆ అమ్మాయి తొందరలో చూడనివి. మిగిలిన రెంటి దగ్గర, కంపెనీ రాసింది భయమా, గాలిమాటా అని చాలాసేపు వాదించుకున్నారు. తేలలేదు. తేలలేదనే రాసుకుని, రిపోర్టులు పెట్టెల్లో సర్ది, లైట్లు తీశారు. తాళం ఆ అమ్మాయి వేసింది.